లెక్కలో లేని వైపు

కుమాసీ ఇంకా నాలుగు మైళ్ళుందనగా
ట్రోట్రో బోల్తా పడింది.
కిటికీ అద్దం నా భుజం మీద
వేలెడంత గీత గీసింది.
పదకొండు కుట్లు. పక్క సీటావిడకీ పదకొండే.
ఆ రాత్రి ఇద్దరికీ ఒకటే మంచం.
యాము దుంపల బస్తా ఏమైందోనని ఆవిడ ఏడుపు,
ఏడుపే రాక నేను.

ఆర్నెల్లకి ఆవిడ గీత వెంట్రుకంతైంది.
నాది లేచింది.
కుట్ల గెట్టు దాటి, ఎవరి పొలమని అడక్కుండా
మెడవైపు పాకింది.
పగలు బట్ట తగిలితే మంట, రాత్రి దురద.
గోరంతలు కొండంతలు చేస్తున్నావని మా చిన్నమ్మ అంటే
భుజం విప్పి చూపించాను:
చేసింది నేను కాదు, ఇదిగో, ఇది.

"నీ చర్మానికి మానడం వచ్చు సెర్వా,
ఎక్కడ ఆపాలో రాదు" అంది లారిబా.
ఆసుపత్రి వెనక గదిలో ఉంటుంది,
ఉమ్మి పట్టడానికి గొట్టం, చెక్కిన పెన్సిలు పెట్టుకుని.
చదరమైతే మగ, సున్నా అయితే ఆడ.
కాయ కట్టినవాళ్ళని నల్లగా నింపాలట.

అమ్మవైపు ఏకరువు పెట్టాను.
అమ్మమ్మ, ఆవిడ అయిదుగురు అక్కచెల్లెళ్ళు, మేనమామలు.
మా అశాంతి వాళ్ళకి రక్తం తల్లిది,
ఇంటిపేరూ నేలా ఆ దారినే నడుస్తాయి.
అందరూ చెవులు కుట్టించుకున్నవాళ్ళే,
కోకో కాయలు కొడుతూ కత్తి దింపుకున్నవాళ్ళే.
ఒక్క సున్నా నల్లబడలేదు.

"నాన్నవైపో?"
"అది లెక్కలోకి రాదు."
లారిబా ఉత్తరాది పిల్ల. వాదించలేదు.
ఖాళీ చదరం పక్కన
పెన్సిలు అలా నిలబెట్టి ఉంచింది.

సువామెలో ఇనప తుక్కు దుకాణాల మధ్య
ఇరవై రెండేళ్ళ తర్వాత
ఒక లారీ కిందినుంచి బయటికొచ్చాడు అడుసెయ్, మా నాన్న.
నన్ను గుర్తుపట్టి, మొదటి మాటగా
"ఎంత కావాలి?" అన్నాడు.
చొక్కా బొత్తాలు విప్పమన్నాను.

రొమ్ము నడిమధ్య
ఎప్పుడో వెల్డింగ్ రవ్వ పడ్డ చోట
పీత ఒకటి కాళ్ళు చాపుకుని పడుకుంది.
నేను నా భుజం చూపించాను.
పక్క షెడ్డులో గ్రైండర్ ఆగింది, మళ్ళీ మొదలైంది.

చేతుల ఆయిలు తుడుచుకోకుండానే చెప్పాడు,
వాళ్ళమ్మ పొకువా ఎండల్లోనూ తలగుడ్డ దించేది కాదని,
దాని కింద రెండు తమ్మెలూ తాటిపండు ముట్టెల్లా వేలాడేవని,
ఊరంతా శాపమంటే
తనూ చాలాకాలం అదే అనుకున్నానని.
"నీకేమీ ఇవ్వలేదనుకున్నాను" అన్నాడు.
ఇలాంటప్పుడు ఏమనాలో ఎవరూ నేర్పలేదు నాకు.
బొత్తాలు పెట్టుకోమన్నాను.

లారిబా రెండు పెన్సిళ్ళు అరగదీసింది.
ఒక్క జన్యువు పని కాదట, ఇంకా వెతుకుతున్నారట,
ఉన్న ప్రతివాళ్ళకీ లేవదట.
నెలకోసారి సూది. మందు కాయలోకి దిగేటప్పుడు
నేను కిటికీ బయట మేకల్ని లెక్కపెడతాను.
పదిహేడు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు.

నా కూతురు దుఫియే పుట్టిన ఎనిమిదో రోజున
అమ్మ బంగారు పోగులు తెచ్చింది.
వద్దన్నాను. మూడు వారాలు మాట్లాడలేదు.
కెజెటియా సంతలో ఇప్పటికీ
"బాబెంత ముద్దుగా ఉన్నాడో" అంటారు.
కాగితం మీద దాని సున్నాని ఎలా నింపాలో
లారిబాకీ తెలీదు:
ఇంకా ఏ గాయమూ దాన్ని అడగలేదు.

మొన్న అడిగింది. గుమ్మం దగ్గర పడి మోకాలు చెక్కుకుపోయింది.
పొక్కు ఊడాక రోజూ స్కేలు పెట్టి చూస్తున్నాను.
నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు,
ఉందేమో, నా చెయ్యి వణికిందేమో.
ఆదివారం నాన్న వస్తానన్నాడు.
ప్లాస్టిక్ స్కేలుని నమ్మొద్దు,
తన ఇనప స్కేలు తెస్తానన్నాడు.