ఒక్క ముల్లు

హోటల్లో నా పని ముళ్లు తీయడం.
వేలి కొసతో తడిమి, పట్టకారుతో పట్టి,
నారింజ రంగు కండలోంచి ఒక్కొక్కటీ.
సాల్మన్ అంటారు. మంచు పెట్టెలో పడుకుని వస్తుంది.
ఏ సముద్రానిదో పెట్టె మీద రాసే ఉంటుంది,
నేను చదవను, అప్పటికే చేతులు మొద్దుబారి ఉంటాయి.
ప్లేటులో ఒక్క ముల్లు కనపడితే
ఆ రోజు జీతం కోత.

అంచు ముక్కలు, పొట్ట చీలికలు ప్లేటుకి పనికిరావు.
షెఫ్ చూసీ చూడనట్టు అటు తిరుగుతాడు.
రాత్రి పదకొండింటికి అవి నాతోపాటు
బెంజి సర్కిల్లో షేర్ ఆటో ఎక్కి
రాణిగారితోటకి వస్తాయి,
టిఫిన్ డబ్బాలో, ఐసు ముక్కల మధ్య.

మా అత్త నాంచారమ్మ అప్పటికి నిద్రపోదు.
నాగాయలంకలో నలభై ఏళ్లు గంప మోసిన మనిషి,
మొప్ప ఎత్తి చూడందే చేపని నమ్మదు.
"తలేదీ?" అంది మొదటి రాత్రి.
"తల రాదత్తా."
"మరి దీని మొహం ఎట్టా చూసేది?"

ముందు పులుసు పెట్టాను, తెలిసిన దారి అదే కనక.
చింతపండు, మెంతిపొడి, చిటికెడు బెల్లం.
తెర్లుతుంటే గరిటె పెట్టాను.
పులుసంతా చేపే, చేప మాత్రం కనపడలేదు.
అత్త గిన్నె వంచి చూసి
"గిన్నె పట్టుకుని తిప్పాలి గానీ
చేపల్లో గరిటె పెడతారంటే!" అంది.
తప్పు నాదే.
అయినా నెపం మాత్రం
ఇద్దరం చేప మీదికే నెట్టాం.

రెండోసారి అట్ల పెనం.
బట్టతో తడంతా అద్దేసి
ఉప్పు, పసుపు, గుంటూరు కారం అర చెంచా.
తోలు వైపు కిందికి వేసి
చేతులు కట్టుకుని నిలబడాలి.
కష్టమంతా అక్కడే, కదపకుండా ఉండడంలో.
నూనె అక్కర్లేదు, దాని కొవ్వు అదే వదులుకుంటుంది.
కింది నుంచి పైకి రంగు మారుతూ వస్తుంది,
వరదప్పుడు ఘాట్లో నీళ్లు
ఒక్కో మెట్టే ఎక్కినట్టు.
ముప్పావు వంతు ఎక్కాక ఒక్కసారి తిప్పి,
పదంకెలు లెక్కపెట్టి దించేయాలి.
నిమ్మచెక్క.
కింది వాటా రెహానా తలుపు తీసి
"ఏం కాలుస్తున్నారక్కా?" అనేలోపు
అయిపోతుంది.

ఇడ్లీ పాత్రలో కూడా అవుతుంది.
అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి పూసి
అరిటాకులో చుట్టి, ప్లేటు మీద పెట్టి మూత.
ఎనిమిది నిమిషాలు.
పొద్దున్న ఇడ్లీలు చేప వాసనేస్తే
నన్నడక్కండి.

ఎదురీదే చేపంట ఇది,
పుట్టిన చోటు వెతుక్కుంటూ ఏరెక్కుతుందంట.
షెఫ్ చెప్పింది అత్తకి చెప్పాను.
"ఇక్కడెక్కడ ఎక్కుద్ది, బ్యారేజీకి
డెబ్బై గేట్లు దించున్నాయి" అంది,
నవ్వకుండా.

తింటుంది గానీ ఒప్పుకోదు.
"మెత్తగా ఉంది. నాలిక్కి పనే లేదు.
ముల్లు లేని చేపంటే
పేచీ లేని బేరం లాంటిది.
ఎక్కడో మోసం ఉంటది."

నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఫోను లైటు గోడకి ఆనించి
పొయ్యి మీద తాలింపేశాను:
వెల్లుల్లి, ఎండుమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు.
మధ్యాహ్నం అన్నం పొడిపొడిగా చిదిపి,
చేప చిన్న ముక్కలుగా విరిచి వేశాను.
అన్నం వేడెక్కేసరికి
అదీ ఉడికిపోయింది.

సగంలో అత్త ఆగింది.
నాలికతో వెతికి వెతికి
నోట్లోంచి ఒకటి తీసింది,
వెంట్రుకంత సన్నం.
లైటుకి ఎత్తి పట్టింది.

అలవాటుగా నా గుండె జారింది.

ఆమె మాత్రం దాన్ని,
బోణీ డబ్బు కళ్లకద్దుకునేటప్పటి నెమ్మదితో,
పళ్లెం అంచున ఆనించి పెట్టింది.
"చేపేనే" అంది.
ఇంకాస్త వడ్డించమని
పళ్లెం ఇటు జరిపింది.