మెట్లు దిగిన రసీదు

నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు.
గుంటూరు దాటాక, నరసరావుపేట రోడ్డులో కోల్డ్ స్టోరేజీ ఆఫీసు.
మార్చి నెల. ఫ్యాను గాలిక్కూడా ఘాటు.
పదకొండేళ్లు గీరుకుంటూ రసీదులు కొట్టిన పాత ప్రింటరు
మొన్న శుక్రవారం గొంతులో కారం అడ్డుపడి ఆగిపోయింది.
విప్పి చూస్తే లోపల ఒక తొడిమ,
రెండు గింజలు, చిటికెడు ఎర్ర పొడి.

కొత్తది అట్టపెట్టెలోంచి తీశాం.
ఇది పాతదానిలా యూనిక్స్ పెట్టెని పట్టుకుని వేలాడదు,
గోడ వెంట పోయే నెట్‌వర్కు తీగకి తగిలించాలి,
ఒక నంబరివ్వాలి.
"డోరు నంబరా?" అంది గుమాస్తా సువార్తమ్మ.
అలాంటిదే అన్నాను.
"పేరు కూడా పెట్టాలా?"
పెట్టాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు.
ఆవిడ తుమ్మి, ఆలోచించి, "ఘాటు" అంది.

పింగ్ కొట్టి ఘాటుని పిలిచాను.
పలకలేదు.
మళ్లీ పిలిచాను. నాలుగు పిలుపులు పోయాయి, ఒక్కటీ తిరిగి రాలేదు.
తీగ పట్టుకుని నడుచుకుంటూ వెళితే
గోనె సంచుల వెనక, స్విచ్చు పెట్టె ప్లగ్గు ఊడబీకి
ఎవరో సెల్లు చార్జింగు పెట్టుకున్నారు.
దాని తెర మీద పళ్లూడిన పాప నవ్వుతోంది.

కిటికీ అవతల మెట్ల మీద యల్లమంద,
మూడు రోజులుగా బాండు కాగితం కోసం.
నలభై రెండు టిక్కీలు లోపల చలిలో పడుకున్నాయి,
కాగితం లేందే బ్యాంకులో అప్పు పుట్టదు.
సెల్లు ఆయనదే.
తిట్టబోయి, ఇంకో ప్లగ్గు చూపించాను.

ఇప్పుడు పలికింది.
కానీ పాత ప్రింటరు పేరు మీద
రెండువందల పన్నెండు పనులు క్యూలో నిలబడే ఉన్నాయి.
అది పోయిందని వాటికెవరూ చెప్పలేదు.
"కొట్టెయ్, మళ్లీ టైపు చేసుకుంటాం" అంది సువార్తమ్మ.
వద్దులెండి అని
వరస చెడకుండా అన్నిటినీ
ఈ గుమ్మం ముందుకి మార్చాను.

మొదటి రసీదు యల్లమందదే.
శుక్రవారం సువార్తమ్మ ఎంటరు నొక్కినప్పుడల్లా ఒకటి,
మొత్తం పద్నాలుగు. అన్నీ వంకరే.
పేరు ఎడమ అంచున,
          ఊరు కాస్త కుడికి,
                    రకం ఇంకాస్త,
                              టిక్కీలు కొసన,
తూకం కాగితం దాటిపోయింది.

యూనిక్స్‌కి కిందికి దిగడమొక్కటే తెలుసు.
దిగాక మళ్లీ అంచుకి నడిచి రావాలని
దీనికి ఎవరో ఒకరు చెప్పాలి.

యల్లమంద కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒకటి లాక్కున్నాడు.
చదవలేదు. వేలితో మెట్లు దిగాడు.
వేలు కాగితం చివర ఆగింది.
"నా తూకమేది బాబూ?"
"బయట పడిపోయింది పెద్దాయనా."
"యార్డులో పోయేది చాలదా, ఇక్కడ కూడానా?"

సువార్తమ్మ నవ్వింది. నాకు రాలేదు.
క్యూ ఆపి, ఒక ఫైలు తెరిచి
పంక్తి చివర ఒక అక్షరం పడేలా చేశాను.
అది అచ్చులో కనపడదు,
వెనక్కి రా అని మాత్రం చెబుతుంది.

పదిహేనోది తిన్నగా వచ్చింది. వేడిగా ఉంది.
పద్దెనిమిది క్వింటాళ్ల తొంభై కిలోలు,
అంచుకి ఆనుకుని, బుద్ధిగా.
ఆయన దాన్ని జేబులో పెట్టలేదు, తువ్వాల్లో చుట్టాడు.
వంకరవి కూడా ఇమ్మన్నాడు.
"వెనకంతా తెల్లగానే ఉందిగా,
మా మనవరాలు బొమ్మలేసుకుంటది."

పద్నాలుగూ ఇచ్చాను.
సెల్లు మరిచిపోయి వెళ్లాడు.
గేటు దాకా పరిగెత్తి ఇచ్చొచ్చేసరికి
ఘాటులో కాగితాలైపోయాయి.
ఇంకా నూట అరవై మంది.