గట్టు పన్ను

మేడ మీద గది అద్దెకిచ్చాను.
కిరిబాటి దీవుల పిల్ల, పేరు టెరెటియా.
లైడెన్‌లో అంతర్జాతీయ న్యాయశాస్త్రం మీద పరిశోధన,
నాలుగో ఏడు, నాలుగో అధ్యాయం,
అక్కడే ఇసుకలో దిగబడిందట పడవ.

రాత్రి రెండింటికి మెట్లు దిగొచ్చి
టీ కాచుకుంటూ అడుగుతుంది:
"యూర్యెన్ గారూ, ఒప్పందంలో 'చేయాలి' కొట్టేసి
'చేస్తే మంచిది' అని ఏ జామున రాసుంటారు?"
నాకేం తెలుసు.
ముప్పై ఆరేళ్లు పంపులు నడిపినవాణ్ణి.
నీళ్లకి ఆ రెండో మాట వినపడదని మాత్రం తెలుసు.

ఈ వంటిల్లు సముద్రానికి రెండు మీటర్లు కింద.
పొడిగా ఉంది.
వాళ్ల బామ్మ బావి రెండు మీటర్లు పైన.
తాగలేనంత ఉప్పు.
ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు పెంచలేదు,
చక్కెర డబ్బా నావైపు జరిపింది, అంతే.

మొన్న గట్టు పన్ను రసీదు బల్ల మీద మరిచాను.
రెండుసార్లు చదివింది.
"గట్టుకి దూరంగా ఉన్నవాళ్లూ కడతారా?"
కడతారు.
"ఎవరు ఒప్పించారు?"
ఆలోచించాను.
ఎవరూ ఒప్పించలేదు,
ఒక రాత్రి అందరి మంచాలూ ఒకేసారి తేలాయి.

కెటిల్ చల్లారిపోయింది.
"మావి విడివిడిగా తేలుతున్నాయి" అంది.

ఈ నెల అద్దె కవరులో పదకొండు యూరోలు ఎక్కువున్నాయి.
చీటీ మీద చీమల బారులాంటి రాత:
"గట్టుకి నా వంతు."

వెనక్కివ్వడానికి మేడ ఎక్కాను.
దీపం వెలుగుతోంది, టైపు చేస్తోంది.
తలుపు కొట్టలేక
మూడో మెట్టు మీద కూర్చుండిపోయాను,
నా వంతు ఏ చిరునామాకి పంపాలో తెలీక.
దూరంగా పంపు తిరుగుతూనే ఉంది.