అరవై నాలుగు దగ్గర

వచ్చే నెల నుంచి పాత విండోస్‌కి కాపలా ఉండదన్నారు.
డాబాగార్డెన్స్ బ్రాంచిలో అందరివీ మార్చేసి
నాది మాత్రం "మీరు చూసుకుంటారు కదా మేడమ్" అని వదిలేశారు.
చూసుకోవడం!
ఆ మాటకి నేనే ముందు నవ్వాను, వాళ్ళు ఇబ్బంది పడకుండా.

రాత్రి పదకొండుకి మొదలుపెట్టాను.
ఒప్పుకుంటున్నారా అంది. ఒప్పుకున్నాను.
అన్నీ దాచుకున్నారా అంది. పెన్‌డ్రైవ్ కొంగున ముడేసుకున్నాను.
తర్వాత ఏదో చెప్పబోతూ
వాక్యం మధ్యలో ఆగిపోయింది నా గొంతు.

నా గొంతంటే నాది కాదు,
తెర చదివిపెట్టే గొంతు.
పద్నాలుగేళ్ళుగా నా చెవిలో పేలాలు వేగినట్టు మాట్లాడుతుంది.
విన్నవాళ్ళు తల పట్టుకుంటారు.
జ్ఞానాపురాన్ని రెండు ముక్కలు చేసి పలుకుతుంది,
లెక్కల్లో మాత్రం ఒక్క సున్నా మింగదు.

అది లేని గదిలో మిషను ఊపిరొక్కటే.
ఫ్యాను గట్టిగా తిరిగితే పనిచేస్తోందనుకున్నాను,
మెల్లగా తిరిగితే అలిసిందనుకున్నాను,
ఆగితే
ఏమనుకోవాలో తెలీక, అరచెయ్యి ఆనించి జ్వరం చూశాను.
హార్బరులో ఏదో ఓడ రెండుసార్లు కూసింది.
హుద్‌హుద్ వెళ్ళిన రాత్రి ఊరంతా కరెంటు లేదు,
మెట్లు లెక్కపెట్టి అందర్నీ కిందికి దింపింది నేనే.
ఈ రాత్రి ఊళ్ళో అన్నీ వెలుగుతున్నాయి,
మాట పోయింది నా ఒక్కదానికే.

పన్నెండు. ఒకటిన్నర. రెండు.
మీట నొక్కకూడదు, నొక్కకుండా ఉండలేను.
ఫోను కెమెరా చూపించి చదవమంటే
"కిటికీ, బహుశా" అంది.

మూడింటికి పక్క వాటాలో సత్తు తట్ట చప్పుడు.
ఎర్నమ్మ ఫిషింగ్ హార్బరుకి బయల్దేరుతోంది.
"ఎర్నమ్మా, ఒక్కసారి రావూ, ఇదేమంటోందో చూడవూ."
"నాకు సదువు రాదు కదమ్మా."
"నాకు చూపు రాదు కదా. రా."

గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూసింది.
"నీలంగా ఉంది. నడిమిన తెల్ల సుక్కలు
ఒకదానెనకాల ఒకటి గుండ్రంగా తిరుగుతున్నాయి,
దీపం సుట్టూ ఉసుళ్ళలాగ.
కింద అచ్చరాలేవో, నాకు తెల్దు.
అంకెలైతే వచ్చు. ఆరు, నాలుగు.
పక్కన వాలు గీత, దానికటో సున్నా ఇటో సున్నా.
ఏటిది, ధరా?"
"కాదు. నూటికి ఎంతయిందో."
"ఐతే ఇంకా ముప్పయ్యారుంది," చిల్లర తిరిగిచ్చినంత తొందరగా అంది.

తట్ట దించి కూర్చుంది.
వేలం అయిపోతుంది, వెళ్ళు అన్నాను.
"పోనీలే, మిగిలిందే కొంటాను ఇయ్యాల."
అరవై ఐదు, అంది. ఎంతసేపటికో, అరవై ఏడు.
ఎనభై దగ్గర ఆవలించింది.
నాకు ఇన్నాళ్ళు చదివిపెట్టిన గొంతు
ఒక్కసారి కూడా ఆవలించలేదు.

చివరికి "బొమ్మొచ్చింది, కొండలూ నీళ్ళూ.
కింద పక్కన సిన్న పెట్టె" అంది.
ఎక్కడ?
"ఇక్కడ" అని అద్దం మీద టక్కున కొట్టి
నాలిక కరుచుకుంది.
నా చూపుడు వేలు పట్టుకుని అక్కడ ఆనించింది.

మూడు మీటలు కలిపి నొక్కాను.
ముందు ఎవరో కొత్తావిడ, తేనె పూసిన గొంతు, స్వాగతం అంది.
నువ్వు కాదమ్మా అని మళ్ళీ నొక్కాను.
పేలాలు వేగాయి.
"ఏటంటోంది?"
"ఏమీ లేదు. డెస్క్‌టాప్ అంటోంది."
"ఓస్, దానికేనా ఏడుపు" అని తట్ట ఎత్తుకుంది.

వారమైంది. ఇల్లు అదే, సామాన్లు మార్చేశారు.
మూడో టాబ్‌లో ఉండేది ఏడో టాబ్‌కి పోయింది,
మోకాళ్ళకి దెబ్బలు తగిలించుకుంటూ తిరుగుతున్నాను.
కానీ తెరకి కుడి పక్క, కింద అంచుకి రెండు వేళ్ళ పైన
చేప వాసనేసే చోటొకటుంది.
ఆ అద్దం మీద ఏది ఎక్కడుందో
నాకు తెలిసింది అదొక్కటే.

ఇంకా తుడవలేదు.