తమదా

కుతైసిలో డిసెంబరు. పాత సామాన్ల వీధి చివర
ముర్మాన్ కొట్లో, బల్ల మీద రెండు పెట్టెలు.
నాతేలా టీచరు చేతిసంచిలో
రెండువేల ఎనిమిదివందల లారీలు
(బళ్ళు కావు, అక్కడి డబ్బు),
కళాశాల ముద్ర కొట్టిన కాగితం ఒకటి,
దాని మీద ఇరవైనాలుగు పేర్లు.

మొదటిది కొత్తది. గాజుపలక వెనక
పెళ్ళిపందిరి పెట్టుకున్నట్టు రంగుదీపాలు.
"పదహారు కోర్లు. పరుగులో దీన్ని కొట్టేది లేదు."
"మావాళ్ళు పరిగెత్తరయ్యా, కూర్చుంటారు.
ఇందులోనే ఇరవైనాలుగు యంత్రాలు కూర్చోవాలి.
మెమరీ ఎంత?"
"ముప్పైరెండు."
ఆమె వేళ్ళు మడిచింది.
తలా నాలుగు గిగాలు, వడ్డించేవాడికి ఓ ఎనిమిది.
వడ్డించేవాడు మనవాడే అయినా
ఆరో విస్తరి దగ్గరే గిన్నె ఖాళీ.

ప్రాసెసరు సంగతి వేరు.
ఒకడు ఆలోచిస్తుంటాడు, ఒకడు కిటికీలోంచి మంచు చూస్తుంటాడు,
ఒకమ్మాయి పాస్‌వర్డు మర్చిపోయి గోళ్ళు కొరుకుతుంటుంది.
ఆ సందులో వాళ్ళ వంతు ఇంకొకరికి.
కాలాన్ని చేబదులు ఇచ్చుకోవచ్చు.
చోటు అలా కాదు,
కూర్చున్నవాడు లేచేదాకా అది వాడిదే.

రెండోది, మూసేసిన ఏదో బ్యాంకు నుంచి వచ్చిన సర్వరు.
ఒంటినిండా గీతలు, సగం చిరిగిన ఆస్తి నంబరు చీటీ.
మూత తీస్తే పదహారు గాళ్ళు,
ఎనిమిదింట్లో ముక్కలు: మొత్తం నూట ఇరవై ఎనిమిది.
దారిలో ఒక అక్షరం తప్పితే తనే దిద్దుకునే రకం.
మీట వేస్తే విమానం లేచినంత రొద.
"ఇంట్లో పెడితే పెళ్ళాం పోతుంది," అన్నాడు ముర్మాన్.
"నాకు పెళ్ళాం లేదు. స్టోర్‌రూము ఉంది."

గిర్రున తిరిగే డిస్కులు ఆరు ఊరికే ఇస్తానన్నాడు.
వద్దంది. పొద్దున్న తొమ్మిదింటికి
ఇరవైనాలుగు వేళ్ళు ఒక్కసారే నొక్కితే
ఆ సూది ఎంతమంది గుమ్మాలు తొక్కుతుంది?
మిగిలిన డబ్బుకి ఎస్సెస్డీలు రెండు,
ఒకటి రాసుకున్నది రెండోదీ రాసుకునేలా.
కోటు కోసం దాచిన నోటొకటి దాంతో కలిసి పోయింది.

ఆ దేశపు విందుల్లో ఒక పెద్ద ఉంటాడు.
ఎవరు లేచి మాట్లాడాలో, ఎవరు గ్లాసు దించి ఆగాలో
ఆయనే చెబుతాడు. తమదా అంటారు ఆయన్ని.
మన చెవికి అదొక ప్రశ్న.
పెట్టెలోపల కూర్చున్నదీ అలాంటివాడే.
ఈ మెమరీ తమదా? తమదే.
ఈ డిస్కు తమదా? తమదేనండీ.
అందరికీ అదే మర్యాద.
ప్రతి అతిథీ ఇల్లంతా తనదే అనుకుంటాడు,
పక్క పీట చప్పుడు వినపడదు.

మొదటిరోజు ఒక్కటీ లేవలేదు.
రెండు గంటలు తీగలు పీకింది, పెట్టింది,
లేని బ్యాంకుని తిట్టింది.
చివరికి నీలం తెరలో, నాలుగో పేజీలో, అడుగున దొరికింది:
వర్చువలైజేషన్ – ఆఫ్.
ఇన్నేళ్ళూ ఒక్కరికే పీట వేసింది, పాపం.

ఫిబ్రవరిలో గిగా
(వాడి పేరే అది, అక్కడ మామూలు)
ఒక ఆజ్ఞ కొట్టాడు, మధ్యలో ఒక ఖాళీ ఎక్కువ.
వాడి యంత్రం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.
పక్కవాళ్ళెవరూ తలెత్తలేదు. వాళ్ళకేం కాలేదు మరి.
"దీని ఖరీదెంత, టీచర్?" అన్నాడు, పెదవులు తెల్లగా.
ఆమె నిన్నటి నకలు మీద నొక్కింది.
నలభై సెకన్లు.
"మళ్ళీ అదే కొట్టు," అంది.
"ఈసారి ఏదేది ముందు పోతోందో చూస్తూ కొట్టు."

సర్వరు వెనక నుంచి వెచ్చటి గాలి.
ఊడ్చే త్సియాలా తన తడి చేతితొడుగులు
అక్కడ ఆరేసుకుంటుంది, కరెంటు బిల్లు ఎవరు కట్టినా సరే.
"ఇంత గోల చేస్తోంది, లోపల ఎంతమందున్నారేంటి?"
నాతేలా తెరవైపు చూసి చెప్పింది,
"ఇవాళ ఇరవైమూడు. రేజోకి జ్వరం."