నాలుగో నంబరు

పదకొండేండ్లు నేను చూసింది
హుసేనప్ప వీపునే.
మొగం ఎదుటి జట్లు చూసినాయి.
గోల్‌కీపర్ని కదా, నాకు దక్కింది ఇంతే:
చెమటకు సగం ఊడిన నాలుగంకె,
ఎండకు కందిన మెడ,
కొంచెం కిందికి వాలిన కుడి భుజం.
అది సుత్తి మోసిన భుజం.

పొద్దున ఆరింటికి గుంతకల్లు దాటి మద్దికెర దిక్కు
పట్టాల మీద నడిచే కీమ్యాన్.
వదులైన చోట ఒక దెబ్బ.
గట్టిగున్న చోట కూడా ఒకటి, అనుమానానికి.
సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ గ్రౌండులో
అదే నడక.
గడ్డి మాకు తెలీదు.
ఎర్రమన్ను, గులకరాళ్లు, డీజిల్ షెడ్డు పొగ.
జారి బంతిని తన్నినోనికి తొడ మీద తోలు మిగలదు.

"కండ్లలోకి సూడొద్దురా, అవి అబద్ధం చెప్తాయి.
నడుము సూడు.
నడుము యాడికి పోతే మనిషి ఆడికే పోవల్ల."

వాళ్లమ్మ తొలకరి పడితే వజ్రకరూరు చేన్లలో
తల వంచుకోని తిరిగేది.
ఇరవై ఏండ్లు. ఒక్క రాయీ దొరకలా.
ఆ చూపు మాత్రం కొడుక్కొచ్చింది.

మా ఇద్దరికీ ఒక భాష ఉండేది.
తిరక్కుండానే చెయ్యి వీపు వెనక్కి పెట్టేటోడు.
ఒక వేలంటే, ముందుకు రా.
రెండంటే, ఎడమ పక్క నాది, నువ్వు కుడి చూసుకో.
అంతకు మించి మాట్లాడుకున్నది తక్కువ.

హుబ్లీ జట్టులో ఈరణ్ణ, జింక మాదిరి ఉరికేటోడు,
బూట్లు విప్పుతా అడిగినాడు,
"మీ నాలుగో నంబరు రేపు కూడా ఆడతాడా?"
ఆడతాడన్నా.
"అయితే రేపు నాకు జ్వరం."

ఒకసారి బళ్లారి ప్యాసింజర్లో
ఉగ్గాని అయిపోయినాక బజ్జీల కాగితం విప్పితే
నూనె మరక కింద ఒక మనిషి.
పసుపుపచ్చ అంగీ. రొమేనియా అని ఉంది.
పేరున్న చోట చిరిగింది.
డిఫెండరంట. కింద పట్టిక మిగిలింది,
ఏ ఏడు, ఏ జట్టు, ఎన్ని ఆటలు, ఎన్ని గోల్స్.
మొత్తం మూడువందల పన్నెండు ఆటలు, రెండు గోల్స్.
ఆపిన బంతులకు గడి లేదు.
చివరి ఏడు, ఏదో చిన్న జట్టు, ఆటలు తొమ్మిది.
హుసేనప్ప ఆ తొమ్మిది మీద వేలు పెట్టినాడు.
చానాసేపు తియ్యలేదు.
"మోకాలు," అన్నాడు. "వీనికీ మోకాలే."
కాగితం మడిచి డ్యూటీ కార్డుతో పాటు జేబులో పెట్టుకున్నాడు.

ఇతని లెక్క ఎవరూ రాయలా. నేను రాస్తాండా.
జట్టు ఒకటే.
ఆటలు నూటా డెబ్బై చిల్లర, నా గుర్తు ప్రకారం.
గోల్స్ ఒకటి.

ఆ ఒకటీ నాకే వేసినాడు.
అనంతపురంలో ఫైనల్, వాన, అయిదు నిమిషాలుంది.
వీపు వెనక రెండు వేళ్లు కనపడినాయి.
నేను కుడికి జరిగినా.
బంతి అతని మోకాలికి తగిలి
నన్ను దాటి ఎడమ మూలకు.

అప్పుడు తిరిగినాడు.
కనుబొమ్మ మీద పాత కోత, బురద, వణికే కింది పెదవి.
అంత వీపున్నోనికి
ఇంత చిన్న మొగమా అనిపించింది.
నేనేమీ అనలా. వలలోంచి బంతి తీసి చేతికిచ్చినా.
మధ్య గీత దాకా తనే మోసుకుపోయినాడు,
జ్వరమొచ్చిన బిడ్డను ఎత్తుకున్నట్టు.

మరుసటేడు ఆడింది మూడే ఆటలు.

మొన్న అయిదో నంబరు ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉంటే
పట్టాల పక్కన పోతా కనపడినాడు,
సుత్తి భుజానేసుకోని, కుంటుకుంటా.
ఈ నెలాఖరుకు రిటైర్మెంటంట.
"ఒరే హుసేనా" అని అరిచినా.
తిరగలేదు.
చెయ్యి వీపు వెనక్కి పోయింది.
రెండు వేళ్లు.

చుట్టూ జనం, పెట్టెలు, టీ అమ్మేటోళ్లు.
నేను కుడికి జరిగినా.