పట్టు

నాయిన గిర్మాజిపేటల
ముక్కుపుడకలకు రాళ్లు పొదిగేటోడు.
నేను మామునూరు బెటాలియన్ల
తూటాల మూతులు బిగిస్త.
అవుసుల వైకుంఠం కొడుకునని
ఇక్కడ ఎవరికీ ఎరుక లేదు,
నా చేతికి తప్ప.

చాంద్‌మారి నుంచి వాపస్ వచ్చిన ఖాళీలు
గోనెసంచిల గలగలమంటయి.
కడిగి, ఆరబోసి, కొలిచి,
మందు పోసి, గుండును నిలబెట్టి
ఆఖరుకు లీవరు దించుత.
ఇత్తడి మూతి వెంట్రుకవాసి లోపలికి వంగి
గుండు నడుము మీది గాడిని పట్టుకుంటది.
సప్పుడు రాదు.
మోచేతికి మాత్రం తెలుస్తది,
గాలానికి చేప ముట్టినట్టు.

ఒక్కొక్కటే చేత్తో పెట్టి కాల్చే పాత తుపాకికి
ఇంత పట్టింపు లేదు.
తనంతట తాను మింగే తుపాకి వేరు.
కాలినదాన్ని కక్కుతది, కొత్తదాన్ని గుంజుతది,
ముక్కు మీద ఒక్కటిచ్చి
గొంతులకు నూకుతది.
ఆ దెబ్బకు గుండు లోపలికి జరగొద్దు.
జరిగితే లోపల మందుకు జాగ చాలదు.
ఇరుకున పడ్డది ఏదైనా ఎట్ల పేలుతదో
మీకు నేను చెప్పాల్నా?
అట్లని కసిగ పిండితే
భుజం కాడ సొట్టపోయి
అసలు గదిలకే పోదు.

"రాయిని పట్టుకోవాలె కొడుకా,
గొంతు పిసుకద్దు."
కుంపటి ముంగట కూసోని,
ఎడమ కంటికి భూతద్దం తగిలించుకొని
నాయిన అనేటోడు.
ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి,
కాశిబుగ్గ బీడీలు చుట్టే మల్లికాంబ
అన్నంల ఊడిపడ్డ రాయిని
కొంగుకు ముడేసుకొని తెచ్చింది.
నాయిన పైసలు వాపస్ ఇచ్చిండు.
ఆ రాత్రి కంచం ముట్టలే.
నాకప్పుడు ఏడేండ్లు.
నువ్వుగింజంత రాయికి
గింతనా, అనుకున్న.

మొన్న శ్రావణంల, ముసురుల,
ఏటూరునాగారం నుంచి వచ్చిన కొత్త పిల్ల
ఈసం సుగుణ
రైఫిల్ ఇరికి చెయ్యి లేపింది.
నేనే ఉరికి పోయి, బోల్టు గుంజి
తూటాను బయటికి తీసిన.
గుండు బియ్యపుగింజంత లోపలికి దిగబడ్డది.
మూతి మీద అచ్చు ఉన్నది, పట్టు లేదు.
ఆ పెట్టె నాది.
హుజూరాబాద్ ఆఖరి బస్సు అందుకోవాలని
ఆగమైన చెయ్యి నాది.
"ఏమైంది సార్?"
"చెమ్మ" అన్న.
ఆ పిల్ల నమ్మింది.
నమ్మి, మళ్ల బురదల బోర్లా పండి
అదే ఇనుముకు చెంప ఆనిచ్చింది.

ఆ చెంప నన్ను నిద్రపోనియ్యలే.

తెల్లారి పెట్టెల మిగిలిన మూడు వందల పన్నెండు
ఒక్కొక్కటే ముక్కు బల్లకు అదిమి చూసిన.
పదకొండు కదిలినయి.
రిజిస్టర్ల నా సంతకం మీద
నేనే ఎర్ర గీత కొట్టిన.
"పదకొండుకేందయ్యా" అని
ఆర్.ఐ. సారు చాయ్ తెప్పించిండు.
చాయ్ తాగిన. సుగుణను పిలిచి
చెమ్మ కాదమ్మా, నా చెయ్యి అన్న.
ఆ పిల్ల ఏమనలే.
మరుసటి దినం నుంచి మాత్రం
తన తూటాలు తనే అదిమి చూసుకుంటున్నది,
నా ముంగటనే.

ఒకటి మాత్రం నాయినను అడగాలనుండె.
నువ్వు పట్టించిన రాయి ఉండిపోవాలని పట్టించినవు.
నేను పట్టించే గుండు పోవాలని.
పోయే దాక ఉంటే చాలని.
ఎటు పోతదో
కాగితం బొమ్మ దాకనే నా రిజిస్టరు.
ఆ తర్వాత గళ్లు లేవు.

ఇంటికి పోయే వరకు సులోచన చాటల బియ్యం ఏరుతున్నది.
ముక్కుకు నాయిన చేసిన ఆఖరి పుడక,
ఇరవై ఆరేండ్లది.
జర కదలకు అని
గోటితో రాయిని అదిమిన.
కదలలే.
"ఏం పిచ్చి లేశింది నీకు,
ఇత్తడి కంపు కొడుతున్నయి చేతులు,
కడుక్కో పో."